చిన్నత్తమ్మ ఒక్కపొద్దులు

మేడంగారు కలెక్టరాఫీసుకు పోయిందట, గంటలో తిరిగొస్తుందట, అంతదాకా ఈ బెంచీ మీద కూర్చున్నా సరే, లోపలికి పోయి మంచం మంచం తిరిగి చూసినా సరే, ఎవరూ ఏమీ అనరట. ఆ మాట చెప్పి ఇక్కడ పనిచేసే కిష్టవ్వ తడి చేతులు చెంగుకు తుడుచుకుంటూ లోపలికి పోయింది. నేను కూర్చున్నాను. కూర్చోగానే గాజులు గలగలమన్నాయి, నాకు నవ్వొచ్చింది, పెళ్లయి నాలుగు నెలలు కావస్తున్నా ఈ చప్పుడు నాది అనిపించదు, ఎవరో పక్కన నడుస్తున్నట్టు ఉంటుంది, నేను కదిలితే ఆమె కదులుతుంది, నేను ఆగితే ఆమె ఆగుతుంది, ఆదిలాబాదులో నాకు దొరికిన మొదటి స్నేహితురాలు ఈ గాజుల మనిషే అని ఆయనకు చెబితే ఆయన పడీ పడీ నవ్వారు. గాలిలో దూది పోగులు తేలుతున్నాయి. జిన్నింగు మిల్లు గోడ అవతలే. ఒక పోగు వచ్చి మోకాలి మీద వాలింది, ఊదితే లేచింది, తిరిగి తిరిగి మళ్లీ అక్కడే వాలింది, దాన్నట్లా ఊదుతూ కూర్చుంటే గంట గడిచిపోతుందేమో, కాని నేను వచ్చింది దూది ఊదడానికి కాదు. ఈ శరణాలయం ఎట్లా ఉందో, ముసలివాళ్లను ఎట్లా చూసుకుంటున్నారో చూసి, మంచిదో కాదో చెప్పడానికి వచ్చాను. ఆయన టూరుకు పోయే రోజు బూట్లు తొడుక్కుంటూ తలెత్తకుండా అన్నారు, నువ్వు చదువుకున్నదానివి, పోయి చూసి రా, నువ్వు మంచిగుందంటే చిన్నమ్మను అక్కడ చేరుద్దాం, బాగలేదంటే ఇక ఆ మాట ఎత్తను. దవాఖాన డాక్టరు చెప్పిన మాట అది, ఒక పక్క పడిపోయిన మనిషిని, కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల ఒక్కతీ ఎట్లా చూసుకుంటుందని. చిన్నత్తమ్మను అడిగితే మీ ఇష్టం బిడ్డా అంది. ఆయన నీ ఇష్టం అన్నారు. అందరి ఇష్టం వచ్చి నా ఒళ్లో పడింది. ఈ రాత్రి బస్సుకు ఆయన వస్తున్నారు, రాగానే అడుగుతారు.

లేచి లోపలికి నడిచాను. కాలేజీలో గృహవిజ్ఞానం చెప్పే మేడం అనేది, ఇల్లు చూడాలంటే ముందుగది చూడకండి, జాలారి చూడండి అని. అందుకని మొదట వెనక్కే పోయాను. స్నానాల గదిలో బండలు కడిగి ఉన్నాయి, పాచి లేదు, ఫినాయిలు వాసన ఉంది కాని దాని కింద ఇంకో వాసన దాగి లేదు, ముక్కు పెట్టి మరీ వెతికాను, నాలో నేను నవ్వుకున్నాను, పెళ్లిచూపులకు వచ్చిన మగపెళ్లివాళ్లలా ఉన్నాను, పిల్ల నడక, పిల్ల పలువరస. గోడకు ఒక తాడు కట్టి ఉంది, పట్టుకుని నిలబడడానికి, దాని నడుమ భాగం చేతులు తగిలి తగిలి నున్నగా నల్లబడింది. ఆ తాడు నాకు చాలా నచ్చింది. ఎందుకో పట్టుకుని చూశాను. బలంగా ఉంది. హాలు ఒకప్పటి పత్తి గోదాము, పైన పెంకులు, ఎత్తున కిటికీలు, ఎండ నాలుగు పలకలై నేల మీద పడింది, ఇనుప మంచాలు రెండు వరుసలు. దుప్పట్లు పాతవే, ఉతికి ఉతికి పలచబడినవి, కాని తెల్లగా ఉన్నాయి. గోళ్లు చూశాను. ఎవరి చేతులు దుప్పటి మీద కనబడితే వాళ్ల గోళ్లు చూశాను, అందరివీ తీసి ఉన్నాయి. తలలు దువ్వి ఉన్నాయి. ఈగలు ఉన్నాయి, ఈగలు మా ఇంట్లోనూ ఉన్నాయి.

ఇదంతా చూస్తున్నకొద్దీ నా గుండె ఎటు పోతోందో నాకే అర్థం కాలేదు. బాగుంది అనుకున్నప్పుడల్లా ఒక గంతు, వెంటనే ఒక దిగులు. గంతు ఎందుకో చెప్పడానికి సిగ్గు. మాది రెండు గదుల ఇల్లు, ముందుగదిలో చిన్నత్తమ్మ మంచం, లోపలి గది మాది. ఆయన ఏదన్నా చెవిలో అంటే నేను గట్టిగా నవ్వకూడదు, నవ్వు ఆపుకోలేక దిండు కొరికిన రోజులున్నాయి. ఇల్లంతా మాదే అయితే, పొయ్యి దగ్గర ఆయన వచ్చి కూర్చుంటే, ఎవరికీ వినబడకుండా మాట్లాడే పని లేకుంటే, నేను పాడుకుంటే, కొత్త స్టవ్వు మీద నీలం మంట చూస్తూ ఇద్దరం ఒకే గ్లాసులో చాయ తాగితే. చిన్న చిన్నవే, ఎవరన్నా వింటే ఇంతేనా అంటారు. దిగులు ఎందుకో చెప్పడం ఇంకా కష్టం. ఆయనది రోడ్ల శాఖ, ఖానాపూర్ వైపు కొత్త రోడ్డు పడుతోంది, నెలలో సగం అక్కడే డేరాల్లో. పోయిన నాడు ఇంట్లో ఆయన సబ్బు వాసన ఉంటుంది, మర్నాడు కొంచెం, ఆ తర్వాత ఉండదు. పక్కింటివాళ్లు మరాఠీవాళ్లు, నవ్వుతారు, నేను నవ్వుతాను, నవ్వు అయిపోయాక ఇద్దరికీ మాటలుండవు. పొద్దున పనిమనిషి దేవవ్వ వచ్చి చిన్నత్తమ్మను లేపి స్నానం చేయించి పోతుంది, మధ్యాహ్నం మళ్లీ వచ్చి ఒకసారి లేపి, అంట్లు తోమి పోతుంది, ఆ తర్వాత తలుపు చప్పుడు చేసేవాళ్లే ఉండరు. మధ్యాహ్నాలు ఎంత పొడుగో నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. హైదరాబాదులో హాస్టలు గదిలో నలుగురం ఉండేవాళ్లం, ఒంటరిగా ఓ గంట దొరికితే చాలనుకునేదాన్ని.

ఆ మధ్యాహ్నాలను నాతో పాటు మోసింది చిన్నత్తమ్మే. ఆయన తల్లి పోయినప్పుడు ఆయన ఇంకా పాలు మరవలేదట, తల్లి చెల్లెలు ఈమె, అప్పటికే ముత్తయిదువతనం పోగొట్టుకుని పుట్టింట్లో ఉంది, పిల్లవాణ్ని ఒళ్లో వేసుకుంది, అంతే. మా ఇద్దరికీ పచ్చీసు ఆట. మంచిగా ఉన్న చేత్తో గవ్వలు వేస్తుంది, పందెం తప్పగానే వేలితో గవ్వను మెల్లగా తిప్పేస్తుంది, నేను చూస్తే, గాలికి తిరిగింది బిడ్డా అంటుంది. కిటికీలు మూసి ఉన్న గదిలో గాలి. ఆయన చిన్నప్పుడు కప్పకు భయపడి ధాన్యం గరిసెలో దాక్కున్న కథ, బడికి పోనని ఎద్దుల బండి కింద పడుకున్న కథ, ఇవన్నీ ఆమె చెబితేనే తెలిసింది నాకు, లేకపోతే ఆయన నాకు బూట్లు తొడుక్కునే మనిషిగానే తెలిసేవారు. ఆమె లేకపోతే మధ్యాహ్నం ఏమవుతుంది. నేను మంచిగుంది అంటే ఇల్లు నాదవుతుంది, నెలలో సగం రోజులు నాకొక్కదానికే అవుతుంది. బాగలేదు అంటే అది నా ఆట కోసమే కదా. ఎటు చెప్పినా నా స్వార్థమే చెప్పినట్టుంది, ఇంకా ఒక్క మంచం కూడా సరిగ్గా చూడలేదు.

తప్పులు వెతుకుదాం అనుకున్నాను. నిజాయితీగా వెతుకుదాం. అన్నం పెట్టడం అయిపోవస్తోంది. జొన్నరొట్టెలు, పెసరపప్పు. పళ్లు లేనివాళ్లకు రొట్టె తుంచి పప్పులో నానబెట్టి పెడుతున్నారు. ఒక మరాఠీ ముసలామెకు కిష్టవ్వ తినిపిస్తోంది, అందరూ ఆమెను ఆజీ అంటున్నారు, ఆజీ నోరు తెరవదు, కిష్టవ్వ ముద్ద పట్టుకుని అట్లా ఉంది, విసుక్కోలేదు, బలవంతం చేయలేదు, మిల్లు వైపు చూస్తూ ఏదో కూనిరాగం తీస్తోంది, ఆజీ ఎప్పుడో తన ఇష్టాన నోరు తెరిచింది, ముద్ద లోపలికి పోయింది. తప్పు దొరకలేదు. గోడ వారన ఒక మంచం ఖాళీగా ఉంది, పరుపు ఎండకు వేసి తెచ్చినట్టున్నారు, వేడిగా ఉంది, చేయి పెట్టి చూశాను. ఇదే అన్నమాట. బోథ్ నుంచి ఎవరో ముసలామె కోసం అడుగుతున్నారని, ఇవ్వాళ సాయంత్రంలోగా మేము చెప్పకపోతే రేపు పొద్దున్నే వాళ్లు తీసుకొస్తారని మేడంగారు కబురు పంపింది. ఆ పరుపు మీద చిన్నత్తమ్మను ఊహించుకున్నాను, ఆమె కుడిపక్కకే తిరిగి పడుకుంటుంది, తిరిగితే ఆమెకు గోడ కనబడుతుంది. గోడ. ఇదొక తప్పు అనుకున్నాను, కాని మంచం తిప్పి వేయమంటే వేస్తారు కదా. దేనికైనా వీళ్ల దగ్గర జవాబు ఉండేట్టుంది. సరే, మంచిగుంది. మంచిగుందని ఒప్పుకోక తప్పదు, ఆయనతో చెప్పేస్తాను, వారానికి రెండుసార్లు వచ్చి చూసిపోతాను, గవ్వలు కూడా తెస్తాను, ఈ మంచం మీదే ఆడుకుంటాం. ఒళ్లు తేలికయింది. నా మట్టెలు బండల మీద టింగుమన్నాయి.

ఆ చప్పుడుకు పక్క మంచం మీది ముసలామె కళ్లు తెరిచింది. యాదవ్వ అట ఆమె పేరు, కిష్టవ్వ అట్లాగే పిలిచింది. నన్ను కింది నుంచి పైకి చూసింది.

"ఎవ్వలి బిడ్డవే నువ్వు, మట్టెలు ఇంక నిగనిగ అంటున్నయ్. మొగణ్ణి ఇడిసిపెట్టి గీ ముసలోళ్ల కాడికెందుకొచ్చినవ్, గిప్పటిసంది జాగ పట్టుకుంటానికా?"

అటూ ఇటూ ఉన్న మంచాలు నవ్వాయి. నేనూ నవ్వాను, చాలా రోజులకు నలుగురి నవ్వులో నా నవ్వు కలిసింది, అంతలోనే వీళ్లంతా నావాళ్లనిపించింది, ఆమె మంచం పట్టె మీద కూర్చున్నాను. మా చిన్నత్తమ్మ కోసం అన్నాను. యాదవ్వది ఖానాపూర్ దగ్గర పల్లె, నడుము విరిగి చాలా కాలమైందట, ఒక్క కొడుకు, సేద్యం, కోడలు మంచిదే, మంచిదే అని రెండుసార్లు అంది. కిష్టవ్వ కడవ మోసుకొచ్చి ఒక్కొక్కరికి చెంబుతో నీళ్లిస్తోంది. యాదవ్వ చెంబు ఎత్తి గటగటా తాగింది, గొంతు కదలడం చూస్తుంటేనే నాకు దాహమైంది, మూతి తుడుచుకుని ఇంకో సగం పోయమంది, అదీ తాగింది. అది చూసి నాకు చిన్నత్తమ్మ గుర్తొచ్చింది, గొప్పగా చెప్పాను కూడా, మా చిన్నత్తమ్మ అట్లా తాగదవ్వా, మధ్యాహ్నం దాటితే పచ్చి మంచినీళ్లు ముట్టదు, ఒక్కపొద్దులుంటుంది అని. నిజంగానే నాకది గొప్పగా ఉండేది. సోమవారం ఉండేది ముందు, తర్వాత శనివారం, ఏకాదశి, మేము కాపురం పెట్టాక ఒక్కొక్కటే పెరిగి ఇప్పుడు ఒక్కపొద్దు లేని రోజే లేదు. ఇంతకుముందు ఇన్ని ఉండేది కాదే అని ఆయన ఒకసారి అన్నారు. నేను లోపల్లోపల సిగ్గుపడ్డాను, నా కడుపు పండాలని మొక్కుకుందేమో అనుకున్నాను, మా అమ్మకు ఉత్తరంలో రాశాను, మా చిన్నత్తమ్మ ఎంత భక్తురాలో అని. పెదవులు పగులుతుంటే వెన్న రాశాను. పొద్దున్నే ఒంటికి పోతే మంట పుడుతుందంటే జీలకర్ర నీళ్లు కాచి ఇచ్చాను, ఎంత బాగా చూసుకుంటున్నానో అనుకుంటూ.

యాదవ్వ చెంబు కిష్టవ్వకిచ్చి, ఆమె కాళ్లు మంచిగున్నయా అని అడిగింది. లేదవ్వా, ఒక పక్క పడిపోయింది, ఒకరు లేపాలి అన్నాను. యాదవ్వ కడుపు కదిలింది, నవ్వుతోంది.

"నేను సుత ఉన్న బిడ్డా ఒక్కపొద్దులు. సోమారం శివునికి, శనారం ఎంకన్నకు, నడుమల దినాలు ఇంకొక దేవునికి. నేను ఉంటున్నట్టు గా దేవుండ్లకే ఎర్కలేదు." పక్క మంచం వైపు తిరిగి ఆమెకు కూడా చెబుతున్నట్టు అంది, "తాగితె లేవాలె. లేవాలంటె ఒకలు లేపాలె. కొడుక్కు గప్పుడే లగ్గమయింది. తలుపు పెట్టుకున్న పిల్లలను ఎట్ల పిలుస్తం, మనకు సుత ఒకప్పుడు తలుపు ఉండె గద."

మంచాలన్నీ మళ్లీ నవ్వాయి, ఆ పక్కామె అయితే దగ్గు తెరలోంచి నవ్వింది, నేనూ నవ్వాను, నవ్వుతూనే ఉన్నాను, నవ్వు నోట్లోనే ఉండగా ఆ మాట లోపలికి దిగింది. దేవవ్వ మధ్యాహ్నం వచ్చి దొడ్లోకి లేపుకుపోయి, మళ్లీ పడుకోబెట్టి పోతుంది. ఆ తర్వాత లేపేవాళ్లు లేరు. దేవవ్వ పోవడంతోనే చిన్నత్తమ్మ ఒక్కపొద్దు మొదలవుతుంది. దేవవ్వ రావడంతోనే విడుస్తుంది. ఏ పంచాంగంలో ఉంది ఆ ఒక్కపొద్దు. నేనున్నాను కదా, లేపనా, నేను లేపేదాన్ని కదా. కాని ఆమె కొత్త కోడలి చేత అట్లాంటి పని చేయించుకుంటుందా, పారాణి కాళ్లతో దొడ్లోకి పోవద్దు అనేది మొదట్లో, నేనేమో అది ముద్దు అనుకున్నాను. పచ్చీసు ఆడుతున్నప్పుడు నేను నీళ్లు తాగేదాన్ని, ఆమె ముందే, మట్టి కూజాలోంచి వంచుకుని, చల్లగా ఉన్నాయని పైకి అని మరీ తాగేదాన్ని. ఆమె గవ్వలు చూసేది. రాత్రి మేము దిండు కొరికి నవ్వు ఆపుకున్నప్పుడు తలుపుకు అవతల ఆమె ఎండిన నోటితో మేలుకుని ఉండేది, దగ్గు వస్తే ఆపుకునేది కాబోలు. ఆయన లేని రాత్రుల్లో, దొంగల భయమని నేను తలుపు గడియ పెట్టుకుని, ఒక్కదాన్నే పడుకుని, నాకెవరూ లేరే అని ఏడ్చుకునేదాన్ని. గడియకు ఇటు నేను, అటు ఆమె. ఇద్దరం మెలకువతోనే.

లేచి నిలబడ్డాను, ఎక్కడికి పోవాలో తెలియలేదు. గోళ్లు చూశాను, దుప్పట్లు చూశాను, జాలారి చూశాను, ఇంకేమన్నా మిగిలిందా చూడడానికి. ఇక్కడైతే ఆమె నీళ్లు తాగుతుంది. అది మాత్రం నిజం. కిష్టవ్వ ముందు సిగ్గుపడదు, కిష్టవ్వ జీతానికి లేపుతుంది, జీతానికి లేపేవాళ్ల ముందు మనిషికి మొహమాటం ఉండదు. ఇక్కడైతే కడుపునిండా తాగి ఈ యాదవ్వ పక్కన పడుకుని నవ్వుతుంది. మరి వదిలేయడమే మంచిదేమో, ఇప్పుడు కూడా వద్దంటే అది నా మధ్యాహ్నాల కోసమే అవుతుందేమో. కాని ఇప్పుడు తెచ్చి ఇక్కడ వదిలేస్తే, నీకు నీళ్లివ్వడం మాకు చేతకాలేదు అని చెప్పినట్టేనా, నువ్వు అడగకపోవడమే మంచిదయింది అని చెప్పినట్టేనా. హాలు ఎంత పెద్దదో అప్పుడు కనబడింది, ఇంతమంది ఉన్నారు, అందరూ కళ్లు మూసుకుంటున్నారు, ఎవరి కునుకు వాళ్లది.

మేడంగారు ఎప్పుడొచ్చిందో నా వెనకే నిలబడి ఉంది. సరళాదేవి అంటారు, నేత చీర, చేతికి గడియారం, ఎండలో నడిచొచ్చి ముఖం ఎర్రబడింది. కూర్చోమ్మా, అట్ల నిలబడ్డవేంది అని, తనే ఆ ఖాళీ మంచం మీద నాకు చోటు చూపించింది. నేను కూర్చోలేదు.

"అంత చూసినవా? ఏమన్న కొరత కనబడితే చెప్పు, మొగమాటపడకు."

"లేదు మేడం. మంచిగుంది. మా ఇంటికంటే మంచిగుంది."

"మరి ఎప్పుడు తీసుకొస్తరు?"

నోరు తెరిస్తే ఏ మాట వస్తుందో నాకే తెలియదు, వచ్చాక విన్నాను.

"ఈ మంచం బోథ్ వాళ్లకే ఇయ్యుండ్రి మేడం."

ఆమెకు కోపం రాలేదు. మంచిగుందంటివి గద అంది. నేను దుప్పటి అంచు సర్దుతూ, అది సర్దే ఉంది, అయినా సర్దుతూ అన్నాను, "మా చిన్నత్తమ్మ ఇంతవరకు లేపమని నన్ను ఒక్కసారి గూడ పిలవలేదు. నేను పోయి అడిగితే ఏం కావాల్నో చెప్పింది గని, తానుగ పిలవలేదు. ఒక్కసారన్న పిలవాలె. పిలిచినంక, నేను గాడికే పోత అని ఆమె అంటే నేనే వచ్చి మిమ్మల్ని అడుగుత."

"అప్పటికి మంచం దొరక్కపోవచ్చు."

"తెలుసు మేడం."

ఆమె నా ముఖంలోకి చూసి, తల ఊపి, కిష్టవ్వను పిలిచి గోడ వారన మంచానికి రేపటికి ఉతికిన దుప్పటి వేయమని చెప్పింది. యాదవ్వ గురక పెడుతోంది. ఆమెకు పోయొస్తానని చెబుదామనుకున్నాను, లేపబుద్ధి కాలేదు.

బయటికొచ్చాను. ఎండ ఇంకా తగ్గలేదు. పత్తి బండ్లు వరసగా మిల్లు గేటు దగ్గర ఆగి ఉన్నాయి, ఎడ్లు నెమరేస్తున్నాయి, బండ్లవాళ్లు నీడన పడుకున్నారు. ఇల్లు దూరమేమీ కాదు, కాని త్వరగా పోవాలని ఒకటే తొందర, పోగానే ఏం చేయాలో తెలియక ఒకటే బెరుకు. పోగానే నీళ్లు తాగు చిన్నత్తమ్మా అంటే తాగదు, ఇవ్వాళ ఒక్కపొద్దు బిడ్డా అంటుంది, నవ్వుతూ అంటుంది. నాకు తెలిసిపోయింది అంటే ముఖం తిప్పుకుంటుంది, అది ఇంకా ఘోరం. నువ్వక్కడికి పోతావా అని అడుగుదామంటే, ఆ మాటను ఎటు నుంచి తిప్పి అన్నా పో అన్నట్టే వినిపిస్తుంది, దారంతా అని చూసుకున్నాను, పెదవులు కదుపుతూ, ఎదురొచ్చిన పాలాయన నా వైపు వింతగా చూశాడు. అడగలేను. మాటతో అయ్యేది కాదు. ఈ రాత్రి ఆయన వస్తారు, డేరాల్లో ఇన్ని రోజులుండి, మొన్న వచ్చిన కార్డులో పోస్టుమాను చదివితే సిగ్గుపోయే మాట ఒకటి రాశారు, ఆ కార్డు నేను బియ్యం డబ్బాలో దాచుకున్నాను, ఇవ్వాళ ఏ చీర కట్టుకోవాలో కూడా పొద్దున్నే అనుకున్నాను. ఆ చీరే కట్టుకుంటాను. కట్టుకుని, నా పక్క తెచ్చి ముందుగదిలో చిన్నత్తమ్మ మంచం పక్కన నేల మీద వేసుకుంటాను. ఆయన బస్సు దిగి వచ్చి గుమ్మంలో నిలబడి చూస్తారు. కోపం రాదు ఆయనకు, ముఖం చిన్నబోతుంది, నాకూ చిన్నబోతుంది, ఇద్దరం ఒకరినొకరం చూసుకోలేక దీపం వైపు చూస్తాం. చిన్నత్తమ్మ ఊరుకోదు. ఇదేం తమాషా, లోపలికి పో అంటుంది. నేను పోను. నీకు బుద్ధి లేదా, మొగడు ఇన్నొద్దులకు వస్తే అంటుంది. పోను. ఆయన పుట్టిన నాటి నుంచి ఈనాటి దాకా ఎవరినీ గట్టిగా ఒక మాట అనని చిన్నత్తమ్మే తిట్టడం మొదలుపెడుతుంది, తిట్టనీ, మా అమ్మనీ నాన్ననీ నా కాలేజీ చదువునీ కలిపి తిట్టనీ. తిట్టీ తిట్టీ గొంతు ఎండితే నీళ్లు అడుగుతుంది. అడిగేదాకా నేను అక్కడినుంచి లేవను.